పిట్టను ముందు చూడండి, పుస్తకం తర్వాత తెరవండి

ప్రశ్న: మాది హిందూపురం దగ్గర పల్లె. మల్బరీ తోట ఉంది, పట్టుపురుగులు పెంచుతాం. ఆరో తరగతి చదువుతున్న మా అబ్బాయికి పక్షులంటే ప్రాణం. వాడి పుట్టినరోజుకు దేశంలోని పక్షులన్నీ ఉన్న బొమ్మల పుస్తకం తెప్పించాను. ఇంగ్లీషులో ఉంది. అప్పటి నుంచి ఇద్దరం చెరువుకట్ట మీదికి, చేలలోకి వెళ్తున్నాం. కానీ పుస్తకంలో పేజీల కొద్దీ మట్టిరంగు పిట్టలు, అన్నీ ఒకేలా ఉన్నాయి. కనిపించినదాన్ని బొమ్మల్లో వెతికేలోగా అది ఎగిరిపోతోంది. ఫొటోలున్న పుస్తకం కొనకుండా ఈ బొమ్మలెందుకు కొన్నావని అబ్బాయి అలుగుతున్నాడు. ఫోనులోని యాప్ ఒక్కోసారి ఒక్కో పేరు చెబుతోంది. వీరాపురం కొంగలు సైబీరియా నుంచి వస్తాయని మా మామగారు ఎప్పటి నుంచో చెబుతారు, పేపర్లలో కూడా అలాగే చదివాం. పుస్తకంలో ఆ ఊసే లేదు. ఎవరి మాట నమ్మాలి? ఇక చాలా అరుదైన కలివికోడిని చూపించమని అబ్బాయి ఒకటే పట్టు. పుస్తకం మార్చాలా, మా పద్ధతి మార్చుకోవాలా?

– ఒక తల్లి, ఉమ్మడి అనంతపురం జిల్లా

సమాధానం:

అమ్మా,

పుస్తకం మార్చనక్కరలేదు. మీరు చేసే పనుల వరుస మార్చుకుంటే చాలు. పిట్ట కనిపించగానే పుస్తకం తెరుస్తున్నారు. అక్కడే అంతా చేజారిపోతోంది. పిట్ట కళ్ళెదుట ఉండేది అర నిమిషం, మహా అయితే ఒక నిమిషం. ఆ కాస్త సమయం పేజీలు తిప్పడానికి పోతే, పేజీ దొరికేసరికి పోల్చుకోవడానికి కళ్ళలో ఏమీ మిగలదు. చేలో ఉన్నంతసేపు పుస్తకాన్ని సంచిలోనే ఉంచండి. అబ్బాయి చేతికి ఒక చిన్న నోటు పుస్తకం, పెన్సిలు ఇవ్వండి. పిట్ట ఉన్నంతసేపు చూడటం, అది వెళ్ళిపోయాక రాసుకోవడం, నీడన కూర్చున్నాకో ఇంటికి వచ్చాకో పుస్తకం తెరవడం. మొదట్లో వాడికి ఓపిక ఉండదు. నాలుగు ఆదివారాలు పట్టుబట్టి ఇలాగే చేయించండి.

ఏం చూడాలో చెబుతాను. రంగుతో మొదలుపెట్టవద్దు. ముందు సైజు. దీనికి స్కేలు అవసరం లేదు. పిచ్చుక, గోరింక, కాకి, గద్ద, ఈ నాలుగూ వాడికి బాగా తెలుసు. ఏ కొత్త పిట్టనైనా ఈ నాలుగింటి పక్కన పెట్టి చూడమనండి: పిచ్చుకకన్నా పెద్దదా, గోరింకంత ఉందా? సలీం అలీ రాసిన భారతీయ పక్షుల పుస్తకం 1941లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వచ్చింది. అందులో ఆయన సైజులు చెప్పింది ఇలాగే, అందరికీ తెలిసిన పక్షితో పోల్చి. ఆ పుస్తకం చూసి పక్షులను గుర్తుపట్టడం నేర్చుకున్నవారు ఈ దేశంలో తరతరాలుగా ఉన్నారు.

సైజు తర్వాత ముక్కు చూడాలి. లావుగా పొట్టిగా ఉంటే గింజలు కొరికేది, సన్నగా ఉంటే పురుగులు ఏరుకునేది, చివర కొక్కెంలా వంగి ఉంటే మాంసం చీల్చుకునేది. ముక్కు చూస్తే ఏ కుటుంబమో సగం తెలిసిపోతుంది. తర్వాత తోక: పొడవా, పొట్టిదా, చివర చీలిందా, మాటిమాటికీ ఊపుతోందా? ఆ తర్వాత అది ఏం చేస్తోంది? నేల మీద నడుస్తోందా, గెంతుతోందా? తీగ మీద నుంచి ఎగిరి పురుగును పట్టుకుని మళ్ళీ అదే చోటికి వచ్చి వాలిందా? ఇవన్నీ అయ్యాకే రంగు. రంగులోనూ ఒళ్ళంతా కాదు, కంటి మీది గీత, రెక్క మీది పట్టీ, తోక అంచు, తోక మొదలు, కాళ్ళు. మీ పుస్తకం తొలి పేజీల్లో ఒక పక్షి బొమ్మ గీసి ఒక్కో భాగానికి పేరు రాసి ఉంటుంది. చాలామంది ఆ పేజీ తిప్పేసి వెళ్ళిపోతారు. పుస్తకం మొత్తానికి తాళంచెవి అదే. ఒక సాయంత్రం పూర్తిగా ఆ పేజీ కోసమే కేటాయించండి. ఇంట్లో కోడి ఉంటే దాన్ని పక్కన పెట్టుకుని ఏ భాగం ఏదో చూపించండి.

ఇక మీరు బాధపడుతున్న మట్టిరంగు పిట్టల సంగతి. మీరు ఉన్నది ఎర్రనేలలు, బీడు భూములు, వేరుశనగ చేలు ఉన్న జిల్లాలో. అలాంటి నేలకు అలాంటి పిట్టలే ఉంటాయి. నేల మీద గూడు పెట్టుకుని నేల మీదే తిరిగే పిట్టకు నేలరంగే కాపుదల. పుస్తకాల్లో వీటిని లార్కులు అంటారు. మన పెద్దలు ఈలజిట్ట, బురుతపిట్ట అంటూ వేర్వేరు పేర్లతో పిలిచారు. బొమ్మల పేజీలో వీటిని పక్కపక్కన పెట్టినప్పుడు తలపండినవారికి కూడా తికమకగానే ఉంటుంది. చేలో మాత్రం అవి ఒక్కలాగా ఉండవు. రాసుకోవాల్సింది ఎలాగో ఒక నమూనా చూడండి:

"జనవరి. పొద్దున ఏడున్నర. వేరుశనగ పీకేసిన బీడు, రాళ్ళు ఎక్కువ. పిచ్చుకకన్నా కాస్త పెద్దది. ముక్కు లావు. ఒళ్ళు ముదురు మట్టిరంగు. ఎగిరినప్పుడు తోక ఇటుకరంగు, చివర నల్ల పట్టీ. నేల మీద నడిచింది."

ఇంత రాసుకుంటే చాలు, లార్కుల పేజీ తీయగానే ఇటుకరంగు తోక ఉన్న లార్కు దగ్గర వేలు ఆగుతుంది. మిగతా వాటికి ఆ తోక లేదు. అదే చేలో ఇంకా చిన్నదిగా, గువ్వపిల్లలా నేలకు అతుక్కుని కూర్చునేది ఒకటి ఉంటుంది. మగదానికి బుగ్గలు తెల్లన, కడుపు కింద నలుపు, తల మీద బూడిదరంగు. ఆడదానికి ఇవేమీ ఉండవు, ఆడ పిచ్చుకలా ఉంటుంది. మగది ఆకాశంలోకి ఎక్కి, రెక్కలు ముడుచుకుని రాయి పడినట్టు కిందికి దూకి, నేలకు తగలకముందే మళ్ళీ పైకి లేచి, మళ్ళీ దూకుతుంది. ఆ ఆట ఒక్కసారి చూస్తే దాని పేరు కోసం బొమ్మ దగ్గరికి వెళ్ళే అవసరమే ఉండదు. మూడోది పొద కొమ్మ చివరన గానీ కరెంటు తీగ మీద గానీ కూర్చుని కూస్తుంది. కాస్త ఎత్తుకు ఎగిరి, రెక్కలు పైకెత్తి, కాళ్ళు వేలాడేసి మెల్లగా దిగుతుంది. దానికి రొమ్ము నిండా నల్లటి చుక్కలు. ఇక సన్నటి ముక్కు, పొడుగు కాళ్ళతో నిటారుగా నిలబడి, పరుగెత్తి ఆగి తోక ఊపేది కనిపిస్తే అది లార్కు కానే కాదు, పిపిట్ అనే వేరే కుటుంబం. బొమ్మలో రెండూ గీతలున్న మట్టిరంగు పిట్టలే. ముక్కు, నడక రెండూ చూస్తే మాత్రం కలగాపులగం కావు.

కాబట్టి బొమ్మ పక్కన ఉన్న నాలుగు వరుసల రాత కూడా చదవాలి. ఇంగ్లీషు అని వెనక్కి తగ్గకండి. ఆ రాతలో తిరిగి తిరిగి వచ్చే మాటలు యాభైకి మించవు. ముక్కు, మెడ, రెక్క, కంటి గీత, గడ్డినేల, పొద, చెరువు లాంటివి. మీ అబ్బాయి చేత ఆ మాటలకు తెలుగు రాయించి ఒక అట్ట మీద అంటించి పుస్తకంలో పెట్టండి. నెల తిరిగేసరికి అట్ట అవసరం పోతుంది.

ఫొటోలు కాకుండా బొమ్మలెందుకని అబ్బాయి అడిగినది చాలా మంచి ప్రశ్న. కోప్పడకుండా ఇలా చెప్పండి. ఫొటో అంటే ఒక పిట్ట, ఒక రోజు, ఒక వెలుతురు. పొద్దు వాలే వేళ తీస్తే తెల్లకొంగ కూడా నారింజరంగులో పడుతుంది. మిట్టమధ్యాహ్నం తీస్తే నలుపులోని మెరుపు కనిపించదు. తల తిప్పుకుని ఉంటే కంటి గీత కనిపించదు. బొమ్మ గీసే కళాకారుడు మ్యూజియంలో దాచిన పక్షి చర్మాలను, బయట తాను చూసిన పక్షులను, ఎన్నింటినో కలిపి ఒక్క పక్షిగా గీస్తాడు. పోలిక ఉన్న పక్షులన్నింటినీ ఒకే వైపుకు తిప్పి, ఒకే వెలుతురులో, ఒకదాని కింద ఒకటిగా నిలబెడతాడు. తేడా ఎక్కడ ఉందో అక్కడికి కన్ను తానుగా వెళ్తుంది. 1934లో అమెరికాలో రోజర్ టోరీ పీటర్సన్ అనే ఆయన పక్షుల పుస్తకం వేశాడు. బొమ్మలను కావాలనే తేలిక చేసి, ఏ గుర్తు చూడాలో దాని మీదికి చిన్న గీతలు లాగాడు. మొదట అచ్చువేసిన 2000 ప్రతులూ వారంలోనే అమ్ముడుపోయాయి. అంతకుముందు చాలాకాలం పక్షి పేరు తేల్చాలంటే దాన్ని తుపాకీతో కొట్టి చేతిలోకి తీసుకుని చూసేవారు. చంపకుండా దూరం నుంచే గుర్తుపట్టడం మామూలు మనుషులకు అలవాటైందంటే అందులో ఇలాంటి బొమ్మల పుస్తకాల పాత్ర పెద్దది. ఆ సంగతి మీవాడికి తప్పకుండా చెప్పండి.

బొమ్మల్లో ఒక జాగ్రత్త మాత్రం ఉంది. ఒక పేజీలోని పక్షులు ఒకే కొలతలో ఉంటాయి గానీ పేజీ మారితే కొలత మారవచ్చు. ఎగురుతున్నట్టు గీసిన బొమ్మలు ఇంకా చిన్నవిగా ఉంటాయి. ఈ పేజీలో ఇంత పెద్దగా ఉంది కాబట్టి ఆ పేజీలోదానికన్నా పెద్దది అనుకోకూడదు. సెంటీమీటర్ల అంకె చూడాలి.

బొమ్మ ఏం నేర్పుతుందో మీ చెరువులోనే పరీక్షించండి. తెల్లకొంగలు అందరికీ తెలుసు, అందుకే ఎవరూ సరిగ్గా చూడరు. ఈ ఆదివారం కట్ట మీద కూర్చుని ఒక్క కొంగనే పావుగంట చూడమనండి. ముక్కు నల్లగా, కాళ్ళు నల్లగా ఉండి, బురదలో నుంచి కాలు ఎత్తినప్పుడు వేళ్ళు మాత్రం పసుపు రంగులో మెరిస్తే అది చిన్న తెల్లకొంగ. కాలు ఎత్తేదాకా ఆగాలి. అది ఒక కాలితో బురదను కదిలించి, బెదిరి పైకి వచ్చిన చేపపిల్లను పట్టుకుంటుంది, కాబట్టి ఎక్కువసేపు ఆగనక్కరలేదు. ముక్కు పసుపు, కాలివేళ్ళు కూడా నలుపు అయితే అది మధ్యరకమో పెద్దదో. అప్పుడు నోటి గీత చూడాలి. అది కంటి కింద ఆగిపోతే మధ్యరకం, కన్ను దాటి వెనక్కి వెళ్తే పెద్ద తెల్లకొంగ. పశువుల వెంట తిరిగే పొట్టి మెడ కొంగ నాలుగోది. గూళ్ళు కట్టే కాలంలో దాని తల, మెడ, వీపు నారింజరంగుకు తిరుగుతాయి. అది వేరే కొంగ అని చాలామంది అనుకుంటారు. గట్టు మీద మట్టిముద్దలా కూర్చునే గుడ్డికొంగ లేచేదాకా అక్కడ ఉన్నట్టే తెలియదు. లేవగానే రెక్కలు రెండూ తెల్లగా విచ్చుకుంటాయి. మంచి పుస్తకంలో దాన్ని రెండు బొమ్మలుగా గీస్తారు, కూర్చున్నది ఒకటి, ఎగిరేది ఒకటి. ఎందుకు రెండు గీశారో మీవాడికి అక్కడే అర్థమవుతుంది.

ఒకే పక్షికి ఇన్ని రూపాలు ఉండటం కొత్తవారిని ఎక్కువగా తప్పుదారి పట్టిస్తుంది. మగ కోయిల నలుపు, ఆడ కోయిల గోధుమరంగు ఒంటి మీద తెల్ల చుక్కలు. మీ మల్బరీ తోట పక్కన ఏదైనా పూలచెట్టు ఉంటే ఊదారంగు తేనెపిట్ట తప్పకుండా వస్తుంది. మగది గూటి కాలంలో నీలం, ఊదా మెరుపులతో నల్లగా ఉంటుంది. ఆ కాలం దాటాక ఆ ఈకలు రాల్చేసి, కింద పసుపు రంగుకు మారి, గొంతు నుంచి కడుపు దాకా ఒక్క నల్ల చార మాత్రం మిగుల్చుకుంటుంది. పుస్తకంలో ఒక పేరు కింద మూడు నాలుగు బొమ్మలు కనిపిస్తే అన్నీ చూడాలి. మొదటి బొమ్మతో పోలలేదని పేజీ తిప్పేయకూడదు. మగ, ఆడ, పిల్ల, గూటి కాలం, మామూలు కాలం అని ప్రతి బొమ్మ కింద చిన్న అక్షరాల్లో గుర్తు వేసి ఉంటుంది.

ఇప్పుడు వీరాపురం. మీ పుస్తకమే నిజం చెబుతోంది. కానీ మీ మామగారిని తప్పుపట్టే ముందు ఆయన చూసినదేమిటో ఆలోచించండి. చిలమత్తూరు మండలంలోని ఆ ఊరికి ఏటా ఆ కొంగలు గుంపులుగా రావడం, చింతచెట్ల మీద గూళ్ళు కట్టి పిల్లలను చేయడం, ఆ పిల్లలు ఎగరడం నేర్చాక అందరూ వెళ్ళిపోవడం ఆయన కళ్ళారా చూశారు. అది నిజమే. ఎక్కడి నుంచి అనే ఒక్క మాట దగ్గరే పొరపాటు. అది ఆయన ఒక్కరిదే కాదు. మన రాష్ట్రంలో ఎక్కడ పెద్ద కొంగలు గూళ్ళు పెట్టినా పేపర్లు సైబీరియా పేరు జోడించడం అలవాటైపోయింది.

పుస్తకంలో బొమ్మ పక్కన ఉండే చిన్న పటం చూపించండి. పసుపు ముక్కు, ఈకలు లేని నారింజరంగు ముఖం, రొమ్ము మీద నల్ల పట్టీ, తోక దగ్గర గులాబీరంగు ఈకలు ఉన్న ఆ కొంగ (ఇంగ్లీషులో పెయింటెడ్ స్టార్క్) మన దేశం, శ్రీలంక, ఇటు ఆగ్నేయాసియా దేశాల పక్షి. దానికి సైబీరియాతో సంబంధం లేదు. పటం లేకపోయినా తేల్చుకునే తర్కం ఒకటుంది, అది మీవాడికి జీవితాంతం పనికొస్తుంది. ఉత్తరాది చలికి తాళలేక మన దగ్గరికి వచ్చే పక్షి ఇక్కడ గూడు కట్టదు. అది ఎండాకాలం రాగానే తిరిగి వెళ్ళి తన చోటనే గుడ్లు పెడుతుంది. వీరాపురం కొంగలు సంక్రాంతికి అటూ ఇటూగా వచ్చి, మండుటెండల్లో ఇక్కడే పిల్లలను సాకుతున్నాయి. గుడ్లు పెట్టిన చోటే పక్షికి పుట్టిల్లు. వచ్చేది, పోయేది దక్షిణాది చెరువుల మధ్యనే, ఎక్కడ నీళ్ళు, చేపలు ఉంటే అక్కడికి. పుస్తకంలో పిల్ల బొమ్మ కూడా చూపించండి. గులాబీరంగు లేకుండా మాసిపోయిన గోధుమరంగులో ఉంటుంది. ఆ పిల్లలు ఆ చింతచెట్ల మీదే కనిపిస్తాయి. మీ మామగారికి అంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

సైబీరియా కొంగ అని పిలవదగిన పక్షి ఒకటి నిజంగానే ఉండేది. తెల్లటి సైబీరియా క్రేన్ చలికాలంలో రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కు వచ్చేది. 2002 తర్వాత అక్కడికి రావడమే మానేసింది. రాయలసీమ దాని దారి కాదు. అయితే దూరదేశపు చుట్టాలు మన సీమకు లేవని కాదు. తెల్లని తల మీద రెండు నల్ల గీతలున్న పట్టెతల బాతు మంగోలియా, టిబెట్ ఎత్తుల్లో గుడ్లు పెట్టి, హిమాలయాలను దాటి దక్షిణాది చెరువులకు వస్తుంది. జొన్న కంకుల మీద మేఘంలా వాలే గులాబీరంగు గోరింకలు మధ్య ఆసియావి. నంద్యాల జిల్లాలోని రోళ్ళపాడు గడ్డిమైదానంలో చలికాలం సాయంత్రాలు పిల్లిగద్దలు గుంపుగా చేరి గడ్డిలో నేల మీదే నిద్రపోతాయి. వాటిలో కొన్ని కజకిస్తాన్ గడ్డినేలల నుంచి వచ్చినవి. పటం మీద వేలు పెట్టి ఆ దారి గీయమంటే మీ అబ్బాయి సోషల్ పుస్తకాన్ని కూడా ఇష్టంగా తెరుస్తాడు. ఒక్కో పుస్తకంలో ఒక్కో రంగు వాడతారు కాబట్టి ఏ రంగు ఏడాది పొడవునా ఉండటానికి, ఏది చలికాలానికి అని ముందుమాట దగ్గర చూసుకోండి. పటంలో రంగు ఉందంటే ఆ జిల్లా అంతటా దొరుకుతుందని కాదు. రాతికొండ పిట్ట రాతికొండ మీదే ఉంటుంది, చెరువు పిట్ట చెరువులోనే.

ఈ పటాలతోనే మీ లావుపాటి పుస్తకాన్ని సన్నగా చేసుకోవచ్చు. మన దేశంలో 1300 పైచిలుకు రకాల పక్షులున్నాయి. వాటిలో ఎన్నో హిమాలయాలవి, ఈశాన్య రాష్ట్రాలవి, సముద్రానివి. అవి హిందూపురం చెరువుకట్ట మీద వాలవు. వాన పడి బయటికి వెళ్ళలేని రోజున ఇద్దరూ కూర్చుని పేజీ పేజీ తిప్పండి. పటంలో మన ప్రాంతం మీద రంగు ఉన్న ప్రతి బొమ్మ పక్కన పెన్సిలుతో చిన్న టిక్కు పెట్టండి. అందులోనూ చెరువు, చేను, ఊరు, పొదల అడవి అని నేల చూసి మళ్ళీ వడకట్టండి. మిగిలేవి కొద్ది పక్షులే. మీరు వెతకాల్సింది ఆ టిక్కుల్లోనే. ఎప్పుడో ఒకసారి టిక్కు లేనిది కనిపిస్తే అప్పుడు ఉత్సాహపడవచ్చు, కానీ ముందు రెండుసార్లు అనుమానించాలి. ఇంకో పుస్తకం కొనే వీలుంటే దేశమంతటిది కాకుండా దక్షిణ భారతానికే పరిమితమైన బొమ్మల పుస్తకం తీసుకోండి. అది కూడా తొందరేమీ లేదు.

మీ ఇంట్లో పుస్తకంకన్నా విలువైనది ఒకటి ఉంది, మీ మామగారు. ఆ బొమ్మలు ఆయన ముందు పెట్టి ఒక్కోదాన్నీ ఏమంటారో అడగండి. తీతువు, పసులపోలిగాడు, పూరేడు, కౌజు, జెముడుకాకి, నారాయణపక్షి, నీటికాకి, పైడికంటె. ఇవి గాక మీ ఊరి పేర్లు మరికొన్ని ఆయన నోట వస్తాయి. బొమ్మ పక్కన రాసుకోండి. ఏ పిట్ట ఎప్పుడు వస్తుంది, ఎక్కడ గుడ్లు పెడుతుంది, ఇప్పుడు ఏది కనిపించడం మానేసింది అని అడిగితే ఇంకా మంచిది. మద్రాసు ప్రెసిడెన్సీలో వైద్యుడిగా పనిచేసిన థామస్ జెర్డన్ 1860లలో భారతదేశపు పక్షుల మీద అచ్చువేసిన సంపుటాల్లో తెలుగు పేర్లను కూడా నమోదు చేశాడు. ఆ పేర్లు ఆయనకు చెప్పింది మన పల్లెల వాళ్ళే, మన వేటగాళ్ళే. అంతటి జ్ఞానం ఇంకా ఇళ్ళలో పెద్దల దగ్గర ఉంది. అడిగి రాసుకునేవాళ్ళు తక్కువయ్యారు. అది నాకు నిజంగా బాధ కలిగించే విషయం, అందుకే మీకు ఇంత గట్టిగా చెబుతున్నాను.

యాప్ వద్దనను. కూత విని పేరు చెప్పేవి, ఫొటో చూసి చెప్పేవి ఉచితంగానే దొరుకుతున్నాయి, వాటిలో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం వారి మెర్లిన్ బాగా పనిచేస్తుంది. మీది ఒక్కోసారి ఒక్కో పేరు చెబుతోందంటే ఊరు, తేదీ సరిగ్గా ఇస్తున్నారో లేదో చూడండి. ఫొటో మరీ దూరం నుంచి తీసినదైతే ఏ యాప్ అయినా తడబడుతుంది. ముందు అబ్బాయి తన నోటు పుస్తకం చూసి తన పేరు తాను చెప్పాలి, తర్వాతే యాప్‌ను అడగాలి. రెండూ కలవకపోతే బొమ్మల పుస్తకం తెరిచి ఎవరు ఎందుకు పొరబడ్డారో చూడాలి. నేర్చుకోవడం జరిగేది ఆ మూడో మెట్టు దగ్గరే. ఈబర్డ్ అనే వెబ్‌సైటులో మీ జిల్లా పేరు ఇస్తే అక్కడ ఇంతవరకు నమోదైన పక్షుల జాబితా వస్తుంది, మీ టిక్కులను దానితో సరిచూసుకోండి.

కలివికోడి విషయంలో అబ్బాయికి కాస్త నిరాశ తప్పదు. అది రాత్రి తిరిగే పక్షి, కడప జిల్లా లంకమల పొదల అడవిది. 1900లో అనంతపురం ప్రాంతంలో కనిపించాక మళ్ళీ జాడ లేకపోవడంతో అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లాలో దొరికింది, అదీ ఆ అడవిని ఎరిగిన స్థానికుల సాయంతో. తర్వాత దాని కోసమే శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. ఎన్నో ఏళ్ళుగా వెతుకుతున్న శాస్త్రవేత్తలకే అది కళ్ళపడటం గగనం. రాత్రిపూట టార్చిలైట్లతో అడవిలోకి వెళ్ళడం చట్టం ఒప్పుకోదు, ఆ పక్షికీ మంచిది కాదు. పుస్తకంలో దాని బొమ్మ తీసి, రొమ్ము మీద రెండు పట్టీలు, పెద్ద కళ్ళు చూపించండి. అంత పెద్ద కళ్ళు ఎందుకని అడగండి, వాడే చెబుతాడు. బట్టమేక పిట్టకు (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కూడా ఇదే మాట. రోళ్ళపాడుకు ఒకప్పుడు పేరు తెచ్చింది అదే, ఇప్పుడు అక్కడ దాని కోసం వెళ్తే జింకలు, లార్కులు, పిల్లిగద్దలే దక్కుతాయి. అవి కూడా తక్కువవి కావు.

బైనాక్యులర్ గురించి మీరు అడగలేదు గానీ త్వరలో అబ్బాయి అడుగుతాడు. ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు ఉన్నది తీసుకోండి. అంతకన్నా ఎక్కువ రెట్లవి పిల్లల చేతిలో ఊగిపోతాయి. అది కొనేదాకా ఉత్త కళ్ళతో చెరువు దగ్గర చూడటం మేలు. నీటి పక్షులు పెద్దవి, కదలక నిలబడతాయి.

ముందుగా వీరాపురం వెళ్ళండి, మీకు దగ్గరే. ఫిబ్రవరి, మార్చి నెలల్లో అయితే గూళ్ళ మీద కూర్చున్నవి కనిపిస్తాయి, ఇంకొంచెం ఆగి వెళ్తే పిల్లలు కూడా. మీ మామగారిని తీసుకువెళ్ళండి. చెట్ల కింద చప్పట్లు కొట్టడం, రాళ్ళు విసరడం, మంచి ఫొటో కోసం గూటి దగ్గరికి ఎక్కడం లాంటివి అక్కడ ఊరివాళ్ళే ఒప్పుకోరు. బెదిరిన కొంగ గూడు వదిలి లేస్తే గుడ్లు ఎండకు మాడిపోతాయి, పిల్లలు కింద పడతాయి. కాస్త దూరంగా, ఎవరి వాకిటికీ అడ్డం కాకుండా నిలబడి చూడండి. ఉదయం తొమ్మిది లోపు వెళ్తే ఎండ తక్కువ. నోటు పుస్తకం మరిచిపోకండి. బొమ్మల పుస్తకం తిరుగు బస్సులో తెరవవచ్చు.